కింద ఎర్రదారం, పైన నీలిదారం

పులిబోను కనుమ దిగేసరికి కొమ్మనకు నాలుక పిడచకట్టుకుపోయింది. వెనక వస్తున్న గవ్వ పాట్లు అంతకన్నా కనాకష్టం. మూరెడు నాలుక బయటపెట్టి, చారెడు నీడ కనిపించిన ప్రతిచోటా కూలబడుతుంది. కొమ్మన ఆగకుండా పోతున్నాడని చూసి మళ్ళీ లేచి పరుగెత్తుకొస్తుంది.

గవ్వ అంటే కుక్క. ఒళ్ళంతా చింతగింజ రంగు, ఎడమచెవి మీద మాత్రం గవ్వంత తెల్లమచ్చ. కొమ్మన కొలువు చేసే కుందవరం రాజుగారి వేటశాలలో ఎన్ని కుక్కలున్నా, రాజుగారిది కాని కుక్క ఇదొక్కటే. కళ్ళు తెరవని పిల్లగా ఏటి ఒడ్డున పడి ఉంటే, కొమ్మన అన్న మాచన తెచ్చి, పాలలో గుడ్డ ముంచి చప్పరింపజేసి బతికించాడు. అప్పటినుంచి దానికి లోకమంటే మాచన. అతను పొడుగ్గా ఒక ఈల వేస్తే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. పొట్టిగా రెండు ఈలలు వేస్తే, ఎంత మంచి వేట వాసన తగిలినా సరే, తోక ముడిచి ఇంటిదారి పట్టేది. కొమ్మన మూతి నొప్పెట్టేదాకా ఈల వేసినా చెవి కూడా ఆడించేది కాదు. "నీ ఈలలో గాలి తప్ప ఏం లేదురా తమ్ముడూ" అని మాచన నవ్వేవాడు.

ఆ మాచన ఇప్పుడు ఇంట్లో లేడు. చచ్చిపోయాడా అంటే అదీ లేదు. చావే నయమనిపించే చోట ఉన్నాడు. కిందటి అమావాస్య వెళ్ళిన మర్నాడు తేనెకని అడవికి వెళ్ళి జంబుకాక్షుడి మనుషులకు చిక్కాడు. జంబుకాక్షుడనేవాడు పింగళదేశంలో నీలాల గని తవ్విస్తున్న మాంత్రికుడు. తవ్వడానికి వాడికి మనుషులు కావాలి. మనుషుల్ని ఎత్తుకుపోతే కన్నవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు కదా! అందుకు వాడొక ఉపాయం పన్నాడు. చిక్కినవాడి ముఖానికి చిటికెడు బూడిద పూస్తారు. అంతే, ముక్కు చదునవుతుంది, కళ్ళు వాలిపోతాయి, కనుబొమలు మాయమవుతాయి. ఎందరికి పూస్తే అందరిదీ అదే ముఖం. కన్నతల్లి వచ్చి ఎదురుగా నిలబడ్డా వీళ్ళలో నా కొడుకు ఎవడో చెప్పలేదు. నోరు తెరిచి అమ్మా అందామంటే వీపు మీద కొరడా. ఇక మొదటి అమావాస్య గడిచిందంటే వాడి పేరు వాడికే గుర్తుండదు. పేరు మరిచినవాడికి ఇల్లు గుర్తుండదు. ఇల్లు గుర్తులేనివాడికి కాపలా కూడా దండగే.

"రూపం మార్చగలడుగాని వాసన మార్చలేడు నాయనా" అని గుడ్లగూబల గుహలోని ముని కొమ్మనకు చెప్పాడు. "ఆ గుంపులో నీ అన్నను పట్టిచ్చేది ఈ కుక్క ఒక్కటే. అమావాస్య లోపల దీన్ని గనికి చేర్చు." అమావాస్య ఇంకా నాలుగు రోజులుంది.

కనుమ అడుగున ఊటబావి ఉంది. గట్టు మీద ఒక ముసలమ్మ ముంత పట్టుకుని కూర్చుంది. తల ముగ్గుబుట్ట, ఒళ్ళు ముడతలు, కళ్ళలో బోలెడు దయ.

"దప్పికా నాయనా? దోసిలి పట్టు, పోస్తాను."

"నీ కడుపు చల్లగుండ అవ్వా" అంటూ కొమ్మన దోసిలి పట్టాడు.

ముంత వంగేలోపు గవ్వ ఒక్క ఎగురు ఎగిరి అవ్వ మడమ కరిచి పట్టుకుంది. అవ్వ కెవ్వుమంది. ఆ కేక ఆడగొంతుతో మొదలై మగగొంతుతో ముగిసింది. ముంతలోంచి ఒలికిన నీళ్ళు పడిన చోట రాయి బుసబుస పొంగి కరిగిపోయింది. చూస్తూండగానే ముడతలు విడిపోయి, వెన్ను నిటారై, తాటిచెట్టంత పిశాచం లేచి నిలబడింది. జంబుకాక్షుడు దారి కాయడానికి పెట్టిన పిశాచమది. అది కొమ్మనను జుట్టు పట్టి పైకెత్తి గిరగిర తిప్పింది. గవ్వ మడమ వదల్లేదు. పిశాచం కాలు విదిలిస్తే గవ్వ బావిగట్టుకు కొట్టుకుంది, అయినా వదల్లేదు. తిరుగుతున్న వేగంలోనే కొమ్మన చేతిలోని ఈటె సర్దుకుని దాని కంట్లో పొడిచి లాగాడు. పిశాచం అతణ్ణి వదిలేసి వెనక్కి తూలి బావిలో పడింది; గవ్వ ఆఖరి క్షణాన మడమ వదిలి గట్టు మీద మిగిలింది. కొమ్మన గట్టురాయి పెకలించి దాని నెత్తిన తోశాడు. లోపల బుడబుడమని నురగ లేచి అణిగింది.

"నేను ముఖం చూసి అవ్వా అన్నాను. నువ్వు ముఖం చూడవు కదే" అంటూ గవ్వను ఒళ్ళోకి తీసుకున్నాడు. పక్కటెముకల దగ్గర గీరుకుపోయింది తప్ప పెద్ద దెబ్బేమీ లేదు. లేచి ఈటె దులుపుకుని ఇద్దరూ మళ్ళీ నడక సాగించారు.

మధ్యాహ్నం తిరిగేవేళకు కౌముది నది కనిపించింది. దాని మీద పదహారు కమానుల వంతెన. వంతెన కొసన పింగళదేశపు సింహద్వారం. ఎర్రరాతి కంబాలు, కంబాల మీద రెక్కలు విప్పిన ఇత్తడి హంసలు, హంసల ముక్కుల నుంచి వేలాడే పగడాల సరాలు. తలుపుల మీద పింగళరాజుల విజయయాత్రలన్నీ దంతంతో చెక్కి ఉన్నాయి. ఏనుగులు, అంబారీలు, కత్తులు, తలలు వంచుకున్న శత్రురాజులు. గాలి వీస్తే కోటకొమ్ముల మీది చిరుగంటలు మోగుతాయి. ఆ గంటల వెనకే విలుకాళ్ళు బారులు తీరి నిలబడి ఉంటారు. ద్వారానికి ఇవతల నేల మీద అడ్డంగా తెల్లరాతి గీత. గీతకు ఇవతల విశాలమైన చదును, దాని మీద సుంకరి చావడి, చావడి పక్కన ఇనపకమ్ముల కుక్కల కొట్టం. కొట్టం ముందు చిన్న నల్లరాతి బొమ్మ. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల, చేతిలో పూలసజ్జ.

సుంకరి బొల్లయ్య బానపొట్టవాడు, తాంబూలపు నోటివాడు. గవ్వను చూడగానే ఉయ్యాలబల్ల దిగివచ్చి జొన్నరొట్టె ముక్క చూపించాడు. అది తింటూంటే పళ్ళు చూశాడు, కళ్ళు చూశాడు, పొట్ట నిమిరాడు, తెల్లమచ్చ చెవి తిరగేశాడు.

"చెవిలో పచ్చబొట్టు ఉంది. భేష్. పిచ్చిరోగానికి మందు పట్టించారు. భేష్. పందెం కుక్కల జాతి కాదు. గజ్జి లేదు, పురుగు లేదు. సలక్షణమైన కుక్క నాయనా నీది."

"నాది కాదండీ, మా అన్నది" అన్నాడు కొమ్మన, కళ్ళు మెరుస్తూండగా. ఇంకేం, దాటినట్టే!

బొల్లయ్య గవ్వ మెడలోని దారాలు గోటితో పైకెత్తాడు. అతని దవడ ఆగిపోయింది.

పశువైద్యులకు అన్ని రాజ్యాల్లోనూ ఒకటే ఆచారం. కుక్క చెవిలో పచ్చ పొడిచాక మెడకు నీలిదారం కట్టి లక్కముద్ర వేస్తారు. మందు పట్టించాక ఆ నీలిదారం మీద ఎర్రదారం చుట్టి, మళ్ళీ ముద్ర వేస్తారు. ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో ముద్ర పగలకుండా మార్చడం బ్రహ్మతరం కాదు.

"కింద ఎర్రదారం. పైన నీలిదారం" అన్నాడు బొల్లయ్య మెల్లగా. "ముందు మందు పట్టించి, తర్వాత పచ్చ పొడిపించావన్నమాట."

"అయితే ఏమైందండీ? రెండూ ఒకరోజే అయ్యాయి. పొద్దున అది, మధ్యాహ్నం ఇది."

"ఏమైందా! పచ్చ ఉంటేనే కదయ్యా ఇది ఫలానా కుక్క అని గుర్తు? గుర్తు పడకముందు తాగిన మందు ఏ కుక్క తాగిందని నేను నమ్మాలి? నీ వైద్యుడు ఆ దారం వేరే కుక్కకు కట్టి దీని మెడలోకి మార్చలేదని ఏమిటి నమ్మకం? ఈ మందు లెక్కలోకి రాదు."

 దారాలు కట్టించిన రోజు కొమ్మన కళ్ళ ముందుకొచ్చింది. వైద్యుడు పచ్చసూది సానపడుతూంటే గవ్వ గజగజ వణికి కొమ్మన కాళ్ళ మధ్య దూరింది. "మందులో మత్తుంటుందన్నారు కదయ్యా, ముందు అది పట్టించండి, మత్తులో ఉండగా పొడిస్తే పాపం దానికి నొప్పి తెలియదు" అని బతిమాలింది తనే. "నాదేం పోయింది, నీ కుక్క, నీ ఇష్టం" అన్నాడు వైద్యుడు. గవ్వ నిద్రలోనే పచ్చ పొడిపించుకుంది. ఎంత తెలివైన పని చేశానని ఆ రాత్రి కొమ్మన మురిసిపోయాడు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

"మళ్ళీ పట్టించండి. ఇప్పుడే పట్టించండి" అన్నాడు.

"పట్టిస్తాను. మందు నా దగ్గరే ఉంది. కాని అది ఒంటికి పట్టడానికి పక్షం రోజులు పడుతుంది. అందాకా కొట్టంలో ఉండాలి."

"పక్షమా! నాలుగు రోజుల్లో అమావాస్య అండీ! ఆ లోపల ఇది గని దగ్గరుండాలి. లేకపోతే మా అన్న..." కొమ్మన కాళ్ళ మీద పడ్డాడు. అన్న సంగతంతా చెప్పాడు. బొల్లయ్య అడ్డుపడకుండా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. విని, తుడుచుకుని, తల అడ్డంగా ఊపాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి మంచివాడే, అదే మరీ దారుణం.

"ఆ బొమ్మ చూశావా? మా రాజుగారి ఏకైక పుత్రిక. వంతెన అవతలి నుంచి వచ్చిన వర్తకుడి కుక్కపిల్లను ముద్దాడింది. అది చిన్న గాటు పెట్టింది, గోరు గీరుకున్నంత. మూడు నెలలకు నీళ్ళచెంబు చూసి కేకలు పెట్టడం మొదలెట్టింది. దప్పికతో చచ్చిపోయింది నాయనా, నీళ్ళు ముందు పెట్టుకుని. గుర్తు లేని కుక్క ఆ గీత మీద కాలు పెడితే విలుకాళ్ళు నన్ను కూడా అడగరు, కొట్టేస్తారు."

"మరి మనుషులకండీ? మనుషులకేం నియమాలున్నాయి?"

"మనుషులకేం నియమాలు?" బొల్లయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు పో. ఇప్పుడే పో. నిన్నెవరు ఆపారు?"

కొమ్మన పోతే ఏం లాభం? అతని ముక్కు గవ్వ ముక్కు కాదు. వంతెన మొదటికి తిరిగివచ్చి నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే కొండవాలు నుంచి మేకల మంద దిగింది. సాయంత్రం సంతకు అవతలి ఒడ్డుకు పోతున్న మంద. మేకలకు పచ్చ లేదు, మందు లేదు, దారం లేదు. తినేసే జంతువుకు నియమాలెందుకు? కొమ్మన లేచాడు. మేకలకాపరికి ఈటె ఇచ్చి ఒక ఎండిన మేకతోలు తీసుకున్నాడు. గవ్వకు తొడిగి కడుపు కింద కుట్టేశాడు. చెవుల దగ్గర కొమ్ములు కట్టాడు. గవ్వ అతని ముఖంలోకి చూసి ఒక నిట్టూర్పు విడిచింది.

"నోరు ఎత్తావో ఇద్దరం చచ్చామే. అన్న కోసం. మాచన కోసం."

ఆ పేరు వినగానే తోలులోపల తోక కదిలింది.

పొద్దు వాలుతూంది. కౌముది నీళ్ళ మీద కుంకం ఒలికింది. ఇత్తడి హంసలు బంగారు హంసలయ్యాయి. మేకల మధ్య మేకగా గవ్వ, కాపరి పక్కన కాపరిగా తలగుడ్డ చుట్టుకుని కొమ్మన వంతెన ఎక్కారు. విలుకాళ్ళు ఆవులిస్తున్నారు. బొల్లయ్య చావడి అరుగు మీది నుంచి "ఊఁ, కానివ్వండి" అని చెయ్యి ఊపాడు. తెల్లగీత ఇక ఇరవై అడుగుల దూరం. పది అడుగులు.

వెనక నుంచి కొరడా చప్పుడు వినిపించింది.

"తప్పుకోండి! తప్పుకోండి! గని కూలీలు!"

మేకల్ని పక్కకు నెడుతూ ఒక వరుస వచ్చింది. ఒకే మోకు, మోకుకు ఉచ్చులు, ఒక్కో ఉచ్చులో ఒక్కో మెడ. ముందు గుర్రం మీద మేస్త్రీ శరభయ్య, జంబుకాక్షుడి నమ్మినబంటు. వరుసలో ఉన్నవాళ్ళందరిదీ ఒకటే ముఖం. చదును ముక్కు, వాలుకళ్ళు, కనుబొమలు లేని నుదురు. మోకు చివర ఒక ఉచ్చు ఖాళీగా నేల మీద ఈడ్చుకుంటూ పోతూంది.  గనిలో ఉన్నారనుకున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు! నెలరోజులుగా అడవిలో పోగుచేసి, అమావాస్య ముందు ఇప్పుడు తోలుకుపోతున్నారు.

"కూలీలా శరభయ్యా?" అని బొల్లయ్య అరుగు మీది నుంచే అడిగాడు.

"ఆఁ, ఒప్పుకుని వచ్చినవాళ్ళే."

"కానివ్వు, కానివ్వు."

ఎవడి చెవీ తిరగేయలేదు. ఎవడి పళ్ళూ చూడలేదు. మెడల మీది మోకులు ఎన్నటివో, ఎవరు వేసినవో గోటితో ఎత్తి చూసినవాడు లేడు. వరుస గీత దాటసాగింది.

గాలి అటునుంచి ఇటు తిరిగింది.

తోలులోపల గవ్వ ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుంది. "వద్దే" అని కొమ్మన దాని మెడ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కింద నుంచే అది బాణంలా లేచింది. కుట్లు పటపట తెగాయి. కొమ్ములు ఒకటటు ఒకటిటు ఎగిరిపడ్డాయి. మేకతోలు నేల మీద మిగిలింది, కుక్క గాలిలో ఉంది. మేకలు బెదిరి చెల్లాచెదురయ్యాయి. ఒక మేక కాపరిని పడదోసింది, ఇంకొకటి బొల్లయ్య ఉయ్యాలబల్ల ఎక్కింది. ఆ గోలలో, దుమ్ములో, నెలరోజులు కడుపులో దాచుకున్న ఏడుపంతా ఏడుస్తున్నట్టు మొరుగుతూ గవ్వ తెల్లగీత దాటింది.

"కుక్క! కుక్క దాటింది!"

కోటకొమ్ముల మీద విల్లులు వంగాయి.

"గవ్వా! రావే! వెనక్కి రావే!" కొమ్మన గొంతు చించుకున్నాడు. ఈల వేశాడు. ఎప్పటిలాగే గాలి పోయింది. గవ్వ వరుస వైపు దూసుకుపోతూంది. ఇంకో నాలుగు గంతులు వేస్తే చేరుతుంది. చేరితే అన్న ఎవరో తెలుస్తుంది. చేరేలోపు బాణాలు దిగుతాయి.

అప్పుడు వరుసలోంచి ఈల వినిపించింది.

పొట్టిగా రెండు ఈలలు. చివర కిందికి జారిపోయే ఈలలు.

గవ్వ పరుగు మధ్యలో నిలిచిపోయింది. ముందుకాలు ఒకటి ఇంకా పైకే ఉంది. వరుసలోకి చూసింది. కుయ్‌మంది. అది మొరుగు కాదు, పిల్లగా ఉన్నప్పుడు పాలగుడ్డ లాగేస్తే చేసే చప్పుడు. ఆపైన తోక ముడిచింది. వెనక్కి తిరిగి, తల వంచుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ తెల్లగీత దాటి ఇవతలకి వచ్చింది. తొందరపడి ఎవడో వదిలిన బాణం ఒకటి అది అంతకుముందు నిలబడిన చోట రాతికి తగిలి విరిగింది.

ఇంటికి పొమ్మన్నాడు. నెల తర్వాత తన కుక్క చెయ్యి చాస్తే అందేంత దూరానికి వచ్చింది. తనను పోల్చుకోగలిగిన ప్రాణి లోకంలో అదొక్కటే. దాన్ని ఇంటికి పొమ్మన్నాడు. కొమ్మనకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కళ్ళు తుడుచుకుని వరుస వైపు చూశాడు. అదే ముఖం, అదే ముఖం, అదే ముఖం. అందరి పెదాలూ మూసే ఉన్నాయి.

"ఎవడ్రా ఈల వేసింది?" శరభయ్య గుర్రం దిగి చేతికందిన వీపుల మీదల్లా కొరడా ఝళిపించాడు. 

ఇవతల బొల్లయ్య గవ్వ మెడ పట్టుకున్నాడు.  "దానంతట అది వెనక్కి వచ్చింది కాబట్టి బతికింది. ఇంత ఆజ్ఞలో ఉన్న కుక్కను నా జన్మలో చూడలేదు. నీకు మాత్రం బుద్ధి లేదు నాయనా! మేకతోలా?" అంటూ కొట్టంలోకి నడిపించాడు. తలుపు దగ్గరే గవ్వ నోరు తెరిచి మందు పోశాడు; దాని మత్తు తలకెక్కడానికి ఇంకా ఘడియ పడుతుంది. పైనున్న నీలిదారం మీద కొత్త ఎర్రదారం చుట్టి లక్క కరిగించి ముద్ర వేశాడు. "ఇప్పుడిది శాస్త్రప్రకారం కుక్క. పక్షం రోజుల తర్వాత దర్జాగా తీసుకుపో. ఇక నువ్వే కట్టెయ్యి. కట్టేసినవాడే విప్పుకోవాలి, అది మా నియమం."

"నేను రాలేకపోతే, ఇంకొకణ్ణి పంపిస్తే?"

"ఇవ్వను. పేరు చెప్పినా ఇవ్వను, ఉంగరం చూపించినా ఇవ్వను. అలాగే చెప్పి మంచిజాతి కుక్కల్ని దొంగలు ఎత్తుకుపోయారు. ఏ ముఖం కట్టేస్తే ఆ ముఖమే వచ్చి విప్పుకోవాలి. పక్షం దాటాక మూడు రోజులు చూస్తాం. రాకపోతే..." బొల్లయ్య మాట మింగేసి కొట్టం వెనకనున్న మట్టిదిబ్బల వైపు చూశాడు. తర్వాత కొమ్మన గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పాడు. "ఏదీ, చూడనీ. కుడి కనుబొమ మీద గాటు. కోటేరేసిన ముక్కు. కళ్ళు కాస్త పిల్లికళ్ళు. సరే, మరిచిపోను. ఈ విషయంలో నా అంతవాడు లేడు."

కొమ్మన గవ్వను కట్టేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని దాని నుదురుకు తన నుదురు ఆనించాడు. అవతల శరభయ్య కేకలు వినిపిస్తున్నాయి. "ఒకడు తగ్గాడురా! కనుమలో కూలినవాడి బదులు ఎవణ్ణి చూపించమంటారు దొరకు? మీ తాతనా?" ఖాళీ ఉచ్చు నేల మీద పడి ఉంది. వరుస ద్వారంలోకి పోతే, గనిలోకి మోకుకు కట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ పోలేరు. నాలుగు రోజులు పోతే ఆ ఈల వేసిన పెదాలకు ఈల కూడా గుర్తుండదు.

కొమ్మన లేచి తెల్లగీత వైపు నడిచాడు. దాటాడు. కోటకొమ్ముల మీద ఒక్క విల్లూ వంగలేదు.

"నన్ను తీసుకో" అన్నాడు.

శరభయ్య తేరిపార చూసి పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళకు తనంతట తాను ఉచ్చు వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి చూశానురా! కన్నవాళ్ళు లేరా?"

"లేరు."

"కుక్కో పిల్లో?"

కొమ్మన వెనక్కి తిరగలేదు. "లేవు" అన్నాడు.

ఉచ్చు మెడలో పడింది. శరభయ్య తిత్తిలోంచి బూడిద తీసి ముఖాన పులిమాడు. ముందు చల్లగా, తర్వాత చీమలు పాకినట్టు ఉంది. కొమ్మన చెయ్యి ఎత్తి తడుముకున్నాడు. ముక్కు అరిగిపోతూంది. కనుబొమ రాలి చేతిలోకి వచ్చింది. దానితోపాటు, చిన్నప్పుడు అన్నతో చెట్టెక్కి పడినప్పటి గాటు కూడా నున్నగా మాసిపోయింది.

"ఓ కుందవరం నాయనా!" బొల్లయ్య కొట్టంలోంచి చిప్ప పట్టుకుని బయటికొచ్చాడు. "ఇది తిండి ముట్టడం లేదయ్యా! దీనికి ఏం అలవాటు? పాలా, సంకటా?" చదునంతా చూశాడు. వంతెన చూశాడు. అవతల వరుస చూశాడు. చూపు కొమ్మన ముఖం మీదికి వచ్చింది, ఆగకుండా పక్క ముఖం మీదికి పోయింది. "ఎటు పోయాడబ్బా ఈ మనిషి!"

కొమ్మన నోరు తెరిచాడు. కొరడా తగిలింది. మూసుకున్నాడు.

ఇనపకమ్ముల వెనక గవ్వ లేచి నిలబడింది. మొరగలేదు. సూటిగా కొమ్మన వైపు చూసింది. తోక రెండుసార్లు కమ్మికి తగిలి టంగుటంగుమంది. తర్వాత తల కాస్త పక్కకు తిప్పి వరుసలో ముందుకు చూసింది. తోక మళ్ళీ మోగింది. మళ్ళీ కొమ్మన వైపు. మళ్ళీ అక్కడికే. రెండే చోట్ల. ఇంతమందిలో ఆ రెండే చోట్ల. కొమ్మన ఆ చూపు పట్టుకుని మెడలు లెక్కబెట్టుకుంటూ పోయాడు. తనకు ముందు మూడోవాడు. ఎడమ భుజం మీద కొరడాదెబ్బ ఇంకా నెత్తురోడుతూంది. వాడు కూడా తల వంచుకుని, ఓరగా, కొట్టం వైపే చూస్తున్నాడు.

"నడవండ్రా!"

మోకు బిగిసింది. వరుస కదిలింది. మూడో మెడ కదిలితే కొమ్మన మెడ కదిలింది. దంతపు తలుపులు వాళ్ళ వెనక కిర్రుమంటూ మూసుకుంటున్నాయి. సందు ఇంకా జానెడుందనగా గవ్వ ఏడుపు అందుకుంది. దాని వెంటే బొల్లయ్య గొంతు, పసిపిల్లను ఊరడిస్తున్నట్టు మెత్తగా వినిపించింది.

"ఏడవకే తల్లీ, ఏడవకు. నీవాడు వస్తాడు. వచ్చి విప్పుకుపోతాడు. వాడి ముఖం నాకు బాగా గుర్తుందిలే."